అమ్మ కుట్టిన చొక్కా, స్కూలు చెప్పిన గళ్ళు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది హైదరాబాద్‌లో రామ్‌నగర్. మా బాబు ఇంటికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి చదువుతున్నాడు. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల బట్టలు కుడతాను. ఈ ఏడాది స్కూల్లో యూనిఫాం మార్చారు. వాళ్ళు చెప్పిన షాపులో రెండు జతలు, హౌస్ టీషర్టు, తెల్ల ప్యాంటు, రెండు రకాల షూస్, టై, బెల్టు కలిపి 7,400 రూపాయలన్నారు. నేను ఒక్క జతే కొన్నాను. రెండో జతకు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తిరిగి అలాంటి గళ్ళ బట్టే తెచ్చి నేనే కుట్టాను. గళ్ళు ఒక్క పిసరు పెద్దవి, అంతే తేడా. వారం రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒకరోజు ప్రేయర్‌లో పీఈటీ సార్ వాణ్ణి ముందుకు పిలిచి, "ఏంట్రా, మీ నాన్న లుంగీ చింపి కుట్టించుకున్నావా?" అన్నారట. అందరూ నవ్వారట. తర్వాత రెండు పీరియడ్లు స్టాఫ్ రూం బయట నిలబెట్టారు. వాడు ఇంటికొచ్చి చొక్కా విప్పి మంచం కింద పడేశాడు. "అమ్మా, నువ్వు ఇంక నాకేం కుట్టకు" అన్నాడు. మా ఆయనేమో "అందరూ కొంటుంటే నువ్వు పిసినారితనానికి పోయి పిల్లాడి పరువు తీశావ్" అంటున్నారు. షాపు చొక్కాకి చంక దగ్గర కుట్టు పదిహేను రోజులకే విడిపోతే మళ్ళీ వేసింది నేనే, అది మాత్రం ఆయనకు కనబడదు. స్కూలు మీద కంప్లైంట్ ఇవ్వాలా? ఇస్తే పిల్లాడి మీద కక్ష కడతారా? లేకపోతే నోరు మూసుకుని ఇంకో జత కొనేయాలా? దయచేసి నా పేరు వేయవద్దు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "నువ్వు ఇంక నాకేం కుట్టకు" అన్న దగ్గర ఆగిపోయాను. కంప్లైంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి సంగతి.

పన్నెండేళ్ళ పిల్లాడికి చొక్కా మీద కోపం ఎందుకుంటుంది? నలుగురిలో నవ్వులపాలైన రోజు ఒంటి మీద ఏది ఉంటే దాని మీద కోపం వస్తుంది, అంతే. ఆ మాట మీ చేతిపనిని అన్నట్టు తీసుకుని బాధపడకండి. అలాగని "దానికేముందిరా, పట్టించుకోకు" అని కొట్టిపారేయకండి కూడా. ఇలాంటి వాటిలో అసలు బాధ మర్నాడు మొదలవుతుంది. క్లాసులో ఎవడో ఒకడు "రేయ్ లుంగీ" అని పిలుస్తాడు, రెండు రోజుల్లో అదే పేరైపోతుంది. ఏడో తరగతిలో పడిన పేరు టెన్త్ ఫేర్‌వెల్ దాకా వెంటబడి రావడం నేను చూశాను. అందుకని వాణ్ణి అడగండి, అలా ఎవరైనా పిలుస్తున్నారా అని. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, పక్కన కూర్చుని టీవీ చూస్తూనో, అన్నం పెడుతూనో. పిలుస్తున్నారని తెలిస్తే క్లాస్ టీచర్ ఒక్కరికే చెప్పండి. క్లాసులో అందరి ముందూ ఆ పిల్లల్ని తిట్టవద్దని కూడా చెప్పండి. అలా తిడితే ఆ పేరు తెలియనివాళ్ళకు కూడా తెలుస్తుంది.

ఆ చొక్కా మళ్ళీ వేసుకెళ్ళమని వాణ్ణి బలవంతపెట్టకండి. న్యాయం మీ వైపే ఉంది, కానీ దాన్ని వాడి ఒంటికి తొడిగి ప్రేయర్‌లో నిలబెట్టకూడదు. ఈ గొడవ తేలేదాకా ఉన్న ఒక్క జతతో నెట్టుకురండి. సాయంత్రం రాగానే ఉతికి, పొడి తువ్వాల్లో చుట్టి పిండి, ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి ఇస్త్రీకి వస్తుంది. బట్టల సంగతి మీకు నేను చెప్పాలా! పై తరగతి పిల్లల పాత చొక్కాలు అడిగి తెచ్చుకోండి అందామనుకున్నాను. యూనిఫాం ఈ ఏడే మార్చారు కాబట్టి ఆ దారీ లేదు. (కొన్నేళ్ళకోసారి గళ్ళు మార్చే స్కూళ్ళ అసలు లెక్క ఇదేనని నా అనుమానం. అన్న చొక్కా తమ్ముడికి పనికొస్తే షాపుకి గిరాకీ ఏముంటుంది?)

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. నేనూ గేటు దగ్గర నిలబడినదాన్నే.

ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేశాను. అందులో తొమ్మిదేళ్ళు మా స్కూల్లో డిసిప్లిన్ ఇన్‌చార్జిని. సోమవారం వచ్చిందంటే చేతిలో స్కేలుతో గేటు దగ్గర నేనే. గోళ్ళు, జుట్టు, రిబ్బన్లు, షూ పాలిష్ అన్నీ చూసేదాన్ని. గేటు కనబడగానే కొందరు మగపిల్లలు ఒంటికాలి మీద నిలబడి షూ ముక్కును రెండో కాలి పిక్కకేసి రుద్దుకునేవాళ్ళు. లోపల నవ్వొచ్చినా పైకి మొహం ముడుచుకునే ఉండేదాన్ని. నా టైంలో మా స్కూల్లో వెయ్యిమంది పిల్లలు ఒకే తీరుగా మెరిసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకూ అది గర్వంగానే ఉండేది.

ఒక జులైలో నాలుగు రోజులు వదలకుండా ముసురు పట్టింది. ఆరో తరగతి పిల్లాడొకడు లైన్లో వచ్చాడు. టై వంకరగా ఉందని సరిచేద్దామని కాలర్ పట్టుకున్నాను. చేతికి చల్లగా తడి తగిలింది. భుజం మీద చెయ్యి వేసి చూస్తే అక్కడా తడే. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె పెట్టినట్టున్నారు, చొక్కా ముందు భాగం మాత్రం కాస్త పొడిగా ఉంది. జేబు మూలల్లో, కాలర్ మడతల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. "ఇలా ఎందుకు వేసుకొచ్చావురా?" అన్నాను. "ఇదొక్కటే ఉంది మేడం. కలర్ డ్రెస్‌లో వస్తే మీరు ఇంటికి పంపించేస్తారు కదా" అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వాడన్నది నిజమే. అంతకుముందు వారం కలర్ డ్రెస్‌లో వచ్చిన ఇద్దర్ని గేటు నుంచే వెనక్కి పంపాను. వీణ్ణి లోపలికి పంపాను, యూనిఫాం సరిగ్గానే ఉంది కదా మరి! తర్వాత మూడు రోజులు వాడు జ్వరంతో రాలేదు. వాళ్ళమ్మ "వర్షంలో తడిశాడు మేడం" అని లీవ్ లెటర్ రాసి పంపింది. అది నా టేబుల్ మీదికే వచ్చింది. సంతకం పెట్టాను.

ఆ వారం నుంచి స్కేలు మానేసి నోట్‌బుక్ పట్టుకున్నాను. యూనిఫాంలో ఏదైనా తేడా ఉంటే ఇంటికి డైరీలో ఒక ముక్క రాయడం, పిల్లల్ని మాత్రం బెల్లు కొట్టేసరికి క్లాసులో కూర్చోబెట్టడం. బట్ట కొనేది ఇంట్లోవాళ్ళు. ఉతికేదీ ఆరేసేదీ వాళ్ళే. ఏడో తరగతి పిల్లాడి చేతిలో ఉండేది షూ పాలిష్ ఒక్కటే. అమ్మ చేసిన పనికి కొడుకుని ఎండలో నిలబెడితే అమ్మకు ఏం తెలుస్తుంది, కొడుకు ఏం నేర్చుకుంటాడు? ఇలా మార్చాక మా స్కూల్లో క్రమశిక్షణేమీ చెడిపోలేదు. గేటు దగ్గర కొంచెం మెరుపు తగ్గింది, అంతే.

అందుకే మీరు రెండు విషయాలు విడివిడిగా పెట్టుకోవాలి. యూనిఫాం ఫలానాదే ఉండాలని చెప్పే హక్కు స్కూలుకు ఉంది. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టినప్పుడే మీరు దానికి ఒప్పుకున్నారు. "గళ్ళు కాస్త పెద్దవైతే ఏమైంది?" అని వాదన మొదలుపెడితే ప్రిన్సిపాల్ చాలా సులువుగా గెలుస్తారు. ఆ దారిన వెళ్ళకండి. కానీ నియమం తప్పిన పిల్లాణ్ణి ఏం చేయాలన్నది మాత్రం స్కూలు ఇష్టానికి వదిలిపెట్టలేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అలా చేసినవాళ్ళ మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లలకు ఈ చట్టం. ప్రైవేటు స్కూళ్ళకూ వర్తిస్తుంది. మైనారిటీ యాజమాన్యం స్కూళ్ళకు మాత్రం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, మీది అలాంటిదేమో ఒకసారి చూసుకోండి. స్కూలంతా వింటుండగా లుంగీ మాట అనడం, రెండు పీరియడ్ల పాఠం పోగొట్టడం, ఈ రెండూ వేధింపు కిందికే వస్తాయని నా అభిప్రాయం.

ఇదేమంత పెద్ద విషయమని మీ ఆయన అంటే 2017 సెప్టెంబర్ గుర్తుచేయండి. మన నగరం అంచున, బీహెచ్ఈఎల్ వైపు ఒక స్కూల్లో ఐదో తరగతి పాపను యూనిఫాం వేసుకు రాలేదని మగపిల్లల టాయిలెట్‌లో నిలబెట్టారు. ఉతికిన యూనిఫాం ఆరలేదని ఇంట్లోవాళ్ళు డైరీలో రాసి పంపినా వినలేదు. ఆ వార్త దేశమంతా పాకింది. పేపర్లో అది చదువుతుంటే నా చేతికి మళ్ళీ ఆ కాలర్ తడి తగిలినట్టయింది.

ఇక షాపు సంగతి. స్కూళ్ళు బట్టల వ్యాపారం చేయకూడదని చెప్పినవాళ్ళు లేకపోలేదు. పుస్తకాలు, యూనిఫాంలు, షూలు స్కూల్లోనో, తాము చెప్పిన దుకాణంలోనో కొనాలని తల్లిదండ్రుల్ని ఒత్తిడి చేయవద్దని సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లో తన స్కూళ్ళకు చెప్పింది. 2024లో బడులు తెరిచే ముందు హైదరాబాద్ జిల్లా విద్యాధికారి అన్ని బోర్డుల ప్రైవేటు స్కూళ్ళకూ ఉత్తర్వు ఇచ్చారు: యూనిఫాంలు, షూలు, బెల్టులు స్కూలు ఆవరణలో అమ్మకూడదని. దాంతో అమ్మకం కాంపౌండ్ గోడ దాటి ఎదురు సందులోకి వచ్చింది. జూన్‌లో వాట్సాప్‌కి షాపు లొకేషన్ వస్తుంది. "అక్కడే కొనమని మేమెప్పుడు చెప్పాం?" అంటారు. నిజమే, నోటితో చెప్పరు. గళ్ళతో చెబుతారు. ఆ ఒక్క స్కూలు కోసం నేయించిన గళ్ళు, జేబు మీద లోగో, బెల్టు బకిల్ మీద ఇంకో లోగో. అచ్చం అలాంటి బట్ట జనరల్ బజార్లో దొరకదని వాళ్ళకు తెలుసు. మీకు పిసరంత తేడాతో దొరికిందంటే మీరు బాగానే తిరిగారు.

యూనిఫాం ఉంటే పేదా గొప్పా తేడా తెలియదంటారు. మా చిన్నప్పుడు అది నిజమే. నీలం నిక్కరు, తెల్ల చొక్కా. ఏ బట్టల కొట్లో అయినా ఆ బట్ట దొరికేది, ఏ దర్జీ అయినా కుట్టేవాడు. ఇప్పటికీ సర్కారు బడి పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి రెండు జతలు ఇస్తారు, ఒక్కొక్కరికి 600 రూపాయల లెక్కన. మన రాష్ట్రంలో వాటిని కుడుతున్నది మహిళా సంఘాల ఆడవాళ్ళు. అచ్చం మీలాగే మిషన్ ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళు కుట్టిన చొక్కాలు వేసుకుని పిల్లలు రోజూ ప్రేయర్‌లో నిలబడుతున్నారు. మీరు కుట్టింది మాత్రం లుంగీ అయింది.

నియమమంటే అందరికీ ఒకటే అని మీకు చెబుతారు. కార్తీకంలో ఒకసారి చూడండి. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్ల బట్టలతో, వట్టి కాళ్ళతో వస్తారు. గేటు దగ్గర ఆపారో, గంటలో పదిమంది స్వాములు వస్తారు. ప్రిన్సిపాల్ బయటికొచ్చి మాట్లాడి పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్తారు. తీసుకెళ్ళాలి కూడా, నేను కాదనను. నియమం వంగుతుందని మాత్రం అప్పుడు తెలుస్తుంది. పదిమంది వస్తే వంగుతుంది. మిషన్ కుట్టుకునే అమ్మ ఒక్కతే వస్తే వంగదు. అందుకే మీరు ఒక్కరే వెళ్ళకండి, ఉత్త చేతులతో అసలే వెళ్ళకండి.

ఒక కాగితం రాయండి. ఇంగ్లీషులో రాయాలని టెన్షన్ పడకండి, తెలుగు చాలు. ప్రిన్సిపాల్ గారి పేరు మీద రాయండి. ఏ తేదీన, ఏ పీరియడ్ల నుంచి బాబుని బయట ఉంచారో, ప్రేయర్‌లో ఏ మాట అన్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి. "అవమానించారు, మనసు విరిచారు" లాంటివి వద్దు. ఆ లుంగీ వాక్యం యథాతథంగా రాస్తే చాలు, చదివినవాళ్ళకు అర్థమవుతుంది. తర్వాత ఇలా రాయండి: "యూనిఫాంలో లోపం ఉంటే అది మా లోపం, బాబుది కాదు. ఇకపై ఏదైనా ఉంటే డైరీలో మాకు రాయండి. బాబుని క్లాసుకు దూరం చేయవద్దని, అందరి ముందూ ఏమీ అనవద్దని కోరుతున్నాం." చివర్లో మీకు నిజంగా కావలసింది అడగండి. ఆ గళ్ళ బట్టని మీటర్ల లెక్కన, లోగో ఉన్న జేబుని విడిగా అమ్మేలా షాపుకి చెప్పమనండి. కుట్టు మీరు చూసుకుంటారు. కాదనడానికి వాళ్ళ దగ్గర మర్యాదైన కారణం ఉండదు. ముందే ఒకసారి ఆ షాపుకి వెళ్ళి విడిబట్ట ఉందా అని అడిగి చూడండి. కొన్ని షాపుల వాళ్ళు ఉంచుతారు, అడగనిదే చెప్పరు.

రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసులో సంతకం, తేదీ వేయించుకోండి. పీఈటీ సార్‌ని సస్పెండ్ చేయాలి, క్షమాపణ చెప్పించాలి అని మొదటి రోజే పట్టుబట్టకండి. ఆయన ఉద్యోగమూ ఆ మేనేజ్‌మెంట్ చేతిలోనే ఉంది, గేటు దగ్గర కఠినంగా ఉండమని ఎవరు చెబితే ఉన్నాడో! అయితే లుంగీ మాట ఎవరూ చెప్పి అనిపించింది కాదు, అది ఆయన సొంతం. దాని గురించి ఆయన బాబుతో ఒక్క ముక్క మాట్లాడాలని ప్రిన్సిపాల్‌ని నోటితో అడగండి. చాలామంది మాట్లాడతారు. మనుషులే కదా.

రెండు వారాల్లో ఏమీ కదలకపోతే అదే కాగితం జత చేసి జిల్లా విద్యాధికారికి ఇవ్వండి. రామ్‌నగర్‌ కాబట్టి మీకు హైదరాబాద్ జిల్లా. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఊరు ఒకటే అయినా ఉప్పల్, కూకట్‌పల్లి స్కూళ్ళు మేడ్చల్-మల్కాజిగిరి కిందికి, శేరిలింగంపల్లి వైపువి రంగారెడ్డి కిందికి వస్తాయి. తప్పు ఆఫీసుకు వెళ్ళి రోజంతా కూర్చుని వచ్చినవాళ్ళు నాకు తెలుసు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 గుర్తుంచుకోండి, కానీ దాని అవసరం ఇప్పుడు లేదు. పిల్లాడి మీద చెయ్యి పడినప్పుడు, వాడు స్కూలంటే వణికిపోతున్నప్పుడు వాడాల్సింది అది.

కక్ష కడతారా? భయం సహజం, నేను తీసిపారేయను. నా అనుభవంలో కక్షలు ఫోన్లో అరిచిన వాళ్ళ పిల్లల మీద వచ్చాయి, స్టాఫ్ రూంలో నాలుగు రోజులు అదే ముచ్చట నడిచేది. సంతకం, తేదీ ఉన్న కాగితం ఇచ్చినవాళ్ళ పిల్లల జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు, ఫైల్లో ఉందని భయం. క్లాస్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ విషయం పెట్టకండి. మద్దతుగా నాలుగు బొటనవేళ్ళ బొమ్మలు వస్తాయి, లుంగీ కథ మాత్రం నలభై ఇళ్ళకు చేరుతుంది. మీలాగే ఇబ్బంది పడుతున్న అమ్మలు ఇద్దరో ముగ్గురో ఉంటారు, గేటు దగ్గర మాట కలపండి. బట్ట విడిగా ఇమ్మనే దాని మీద వాళ్ళ సంతకాలు కూడా పెట్టించండి.

మీ ఆయన సంగతి. ఆయనకు కోపం మీ మీద కాదనుకుంటాను. 7,400 ఒక్కసారి తీయలేకపోయినందుకు ఆయన మీద ఆయనకే కోపం. జూన్‌లో చాలా ఇళ్ళల్లో ఇదే నడుస్తుంది. వాదించకండి. "ఒక్క గంట పర్మిషన్ పెట్టి నాతో స్కూలుకు రండి, మాట్లాడేది నేనే" అనండి. నాన్న పక్కన కూర్చుంటే చాలు, ఆఫీసు రూంలో కుర్చీలు వేసే తీరే మారిపోతుంది. ఇది బాగుందని అనను, ఉన్నమాట చెబుతున్నాను.

వెళ్ళేటప్పుడు మంచం కింద చొక్కా తీసి, ఉతికి ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకోండి. షాపులో కొన్నది కూడా. ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద రెండూ పక్కపక్కన పరచండి. ఏది ఎవరు కుట్టారో ముందే చెప్పకండి. తర్వాత రెండింటినీ లోపలి వైపుకి తిప్పి, చంక దగ్గర కుట్టు చూపించండి.